ఎన్యా దగ్గరే ఆగిపోకే చిట్టీ

చిట్టీ,

నీ వాయిస్ నోట్ విన్నానే, రెండుసార్లు విన్నా. రాత్రిపూట నిద్రపట్టక ఏదో సెల్టిక్ ప్లేలిస్ట్ పెట్టుకుంటున్నావని, ఆ ఆడగొంతులు వింటుంటే ఒళ్ళు జలదరిస్తోందని, నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగావు కదా. గ్లాస్గోలో ముప్ఫై ఏళ్ళు నైట్ డ్యూటీలు చేసిన పెద్దమ్మని ఇక్కడ చలెంత, బియ్యం రేటెంత అని అడిగినవాళ్ళే గానీ పాటల గురించి అడిగింది నువ్వొక్కదానివే. అందుకే పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

ముందు ఆ సెల్టిక్ అనే మాట పక్కన పెట్టు. అది క్యాసెట్ షాపు వాడి లేబుల్, మన ఇడ్లీని, బిసిబేళెబాత్‌ని, పుట్టుని కలిపి సౌత్ ఇండియన్ అని రాసినట్టు. ఐర్లాండ్ ఐరిష్ వేరు, స్కాట్లాండ్ గేలిక్ వేరు, వేల్స్ వాళ్ళ భాష వేరు, ఫ్రాన్స్‌లో ఉన్న బ్రెటన్ వేరు. పాట నచ్చగానే ఇది ఏ ఊరిది, ఏ భాషది అని వెతుకు, సగం పని అక్కడే అయిపోతుంది.

నువ్వు వింటున్న ఆ ఎన్యా అనే గాయని ఐర్లాండ్‌లో డోనెగాల్ జిల్లాలోని గ్వీడోర్ అనే చోట పుట్టింది, ఇంట్లో ఐరిష్ మాట్లాడుకునే కుటుంబం, వాళ్ళ అక్కా అన్నలదే క్లానడ్ బ్యాండ్. 1982లో వాళ్ళు ఒక టీవీ సీరియల్ కోసం ఐరిష్‌లో పాడిన పాట బ్రిటన్ చార్టుల్లో అయిదో స్థానం దాకా వెళ్ళింది, 1988లో ఎన్యా పాట ఏకంగా మొదటి స్థానం. బాగుండవని నేననను, నేనూ బస్సులో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఏడ్చినదాన్నే. కానీ ఎన్యా తన ఒక్క గొంతునే పొర మీద పొర రికార్డ్ చేసి పేర్చుతుందే, ఆ పొగమంచంతా స్టూడియోలో పుట్టింది, దాన్ని నువ్వు మీ హాల్లో నిలబడి పాడితే ఏమొస్తుంది చెప్పు, ఫ్యాన్ చప్పుడు తప్ప. నీకు కావాల్సింది ఆ మంచు వెనకాల ఉన్న గొంతు. కొన్నాళ్ళు వాయిద్యం లేని రికార్డింగులే విను.

నన్నడిగితే జీనీ రాబర్ట్‌సన్‌తో మొదలుపెట్టమంటాను. అబర్డీన్ మనిషి, ఊరూరూ తిరిగే ట్రావెలర్ల కులంలో పుట్టింది, పాటలన్నీ ఇంట్లోవాళ్ళ నోటి నుంచే. 1953లో హేమిష్ హెండర్సన్ అనే ఆయన పాటలు సేకరిస్తూ ఆమె పేరు విని తలుపు కొట్టాడట, ఆమె అలిసిపోయి ఉంది, రేపు రమ్మన్నట్టుగా ఉంటే ఆయన ఒక పాత పాట ఎత్తుకున్నాడట, అంతే, అది తప్పు బాబూ లోపలికి రా సరిగ్గా ఎలాగో చెప్తాను అందని ఇక్కడివాళ్ళు కథలాగా చెప్పుకుంటారు. ఆమె గొంతు తియ్యగా ఉండదు, ముందే చెప్తున్నా. మొదటిసారి నాకూ నచ్చలేదు. నాలుగోసారికి మాత్రం చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది, పప్పు అడుగంటింది. ఆమె తర్వాత స్కాట్లాండ్ పశ్చిమాన ఉన్న బార్రా దీవి నుంచి వచ్చిన ఫ్లోరా మక్‌నీల్‌ని విను, గేలిక్‌లో. ఆవిడ ఎడిన్‌బరాలో టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉద్యోగం చేసుకుంటూ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు పాడింది.

ఇంకోటి, అర్థం తెలుసుకోకుండా పాడకు. నీ నిద్ర ప్లేలిస్ట్‌లోనే గ్రిగల్ క్రీయ అని ఒక స్కాట్లాండ్ గేలిక్ జోలపాట ఉండొచ్చు, ఎంత మెత్తగా ఉంటుందో. 1570లో గ్రెగర్ మెక్‌గ్రెగర్ అనేవాడి తల నరికారు, చంపించింది అతని భార్య పుట్టింటి వంశం క్యాంప్‌బెల్‌లే, ఆమె బిడ్డని ఒళ్ళో పెట్టుకుని పాడుతున్న పాట అది. ఆయన తలని ఓక్ మొద్దు మీద పెట్టారు, రక్తం నేల మీద పారబోశారు, అప్పుడు నా చేతిలో గిన్నె ఉంటే తనివితీరా తాగేదాన్ని అంటుంది. పక్కన బిడ్డకి జోల. దీన్ని పెట్టుకుని నువ్వు నిద్రపోతున్నావే తల్లీ! ఇది తెలిశాక నీ గొంతు తనంతట తనే మారుతుంది చూడు, ఎవరూ ఎక్స్‌ప్రెషన్ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు నీకు దగ్గరగా వచ్చేవి చెప్తా, వాకింగ్ పాటలు. నడక కాదే, స్కాట్లాండ్ పశ్చిమ దీవుల్లో కొత్తగా నేసిన ఉన్ని గుడ్డని దట్టంగా చెయ్యడానికి ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ కూర్చుని, తడిపిన గుడ్డని బాదుతూ, పొద్దు తిరిగే వైపే పక్కవాళ్ళకి జరుపుతూ పాడేవాళ్ళు. తడిపేది నీళ్ళతో అనుకున్నావా, నిలవబెట్టిన మూత్రంతో! ఒకామె ముందు పాడుతుంది, మిగతా అందరూ పల్లవి అందుకుంటారు, ఆ పల్లవిలో సగం మాటలకి అర్థమే ఉండదు, హో రో హీ అంటూ ఊరికే ఊపు కోసం. అమ్మమ్మ బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఉయ్యాలో అంటుంది చూడు, వడ్లు దంచేవాళ్ళు సువ్వీ అంటారు చూడు, అదే పని. ఒకే కూర్చోవడంలో ఒకే పాట రెండోసారి పాడితే అరిష్టం అని నమ్మకం, అందుకని ఒక్కొక్కళ్ళకి ఎన్ని పాటలు వచ్చి ఉండేవో ఆలోచించు. ఇవి ఒక్కదానివే నేర్చుకోకు, మీ హాస్టల్ పిల్లలు నలుగురిని పోగెయ్యి, డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పడేసి బాదండి, వార్డెన్ సంగతి నాకు తెలీదు.

నువ్వు కర్నాటకం నేర్చుకున్నావు కాబట్టి నీకో ప్రమాదం ఉంది. ఐర్లాండ్‌లో షాన్ నోస్ అంటే పాత పద్ధతి పాటలో కూడా గమకాల్లాంటివి ఉంటాయి, వినగానే నీ గొంతు ఊరుకోదు, అన్ని చోట్లా వేసేస్తావు. వెయ్యకు. అక్కడ శ్రుతి పెట్టెలేదు, తాళం లేదు, మాట ఎంతసేపు పడితే పాట అంతసేపు. నేనొచ్చిన కొత్తలో ఒక పబ్‌లో అందరూ వంతులవారీగా పాడుతుంటే తొడ మీద తాళం వేస్తూ కూర్చున్నా, పక్కనున్న డోనెగాల్ ముసలావిడ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది, పాట అయ్యేదాకా వదల్లేదు. ముద్దుగా పట్టుకుందేమో అనుకున్నా, లెక్కపెట్టడం ఆపమని అట! పాడేవాళ్ళు మొహంలో ఏ భావమూ చూపించరు, ఒక్కోసారి ఆఖరి మాటలు పాడకుండా మామూలుగా మాట్లాడేసి ముగించేస్తారు, ఊరికే అలా ఆగిపోతుంది. అది పట్టుబడితే చాలు, మిగతాది తర్వాత.

స్పెల్లింగ్ చూసి భయపడకు, ఇంగ్లీషులా చదివితే తప్పే వస్తుంది. బి పక్కన హెచ్ ఉంటే చాలాసార్లు వ, ఎమ్ పక్కన హెచ్ ఉన్నా అంతే. విని తెలుగులో రాసుకో, వాళ్ళ ఖ శబ్దానికి ఇంగ్లీషు లిపి కన్నా మనదే నయం. స్కాట్లాండ్ పాటలకి టోబర్ అన్ డూఅల్‌ఖిష్ అని ఫ్రీ ఆర్కైవ్ ఉంది, అక్కడ వంటింట్లో రికార్డ్ చేసినవి కూడా దొరుకుతాయి. ఎవరి దగ్గర నేర్చుకున్నావో పాడే ముందు చెప్పు, అది మన పాఠాంతరం, అంటే గురువు దగ్గర నుంచి వచ్చిన బాణీ, లాంటిదే, ఇక్కడ దాన్ని చాలా పట్టించుకుంటారు.

ఒక్క పాట, రెండు చరణాలు చాలు, తంబూరా యాప్ ఆఫ్ చేసి పాడి పంపు. ఆదివారం నాకు డ్యూటీ లేదు, మీ టైమ్ సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యి, అంతకుముందు నిద్రలో ఉంటా.

మీ పెద్దమ్మ