రాజా కూశాడా, కూసిందా?

సందేహం: మా పెరట్లో ఒక పుంజు, నాలుగు పెట్టలు ఉన్నాయి. పుంజుకు రాజా అని పేరు పెట్టాం. "రాజా ఇవాళ నాలుగింటికే కూశాడు" అంటాడు మా అబ్బాయి. "కూసింది అనాలిరా, అది కోడి" అంటారు మా మామగారు. ఎవరిది ఒప్పు? పెట్టల విషయంలో ఈ గొడవ ఎందుకు రావడం లేదు? ఇంకొకటి. "నిన్న ఏడు గుడ్లు పొదిగాయి" అని రాస్తే తప్పన్నారు. అందులో తప్పేమిటి?
– ఒక పాఠకురాలు

సమాధానం: వ్యాకరణం మీ మామగారి పక్షం. చెవి మాత్రం కొంతవరకు మీ అబ్బాయి పక్షం.

1858లో వెలువడిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి స్త్రీలు, తిర్యక్కులు, జడాలు కాని వాటిని మహత్తులు అన్నాడు. తిర్యక్కులంటే పశుపక్ష్యాదులు, జడాలంటే ప్రాణం లేనివి. ఇక మహత్తులుగా మిగిలేది మగవాళ్ళే, తక్కినవన్నీ అమహత్తులు. ఆ లెక్కన పుంజు ఎంత ఠీవిగా నడిచినా, దాని జుట్టు ఎంత ఎర్రగా ఉన్నా అది అమహత్తే. వచ్చింది, తిన్నది, కూసింది అనడమే నియమం.

పెట్టల దగ్గర చిక్కు ఎందుకు రాదంటే, ఏకవచనంలో ఆడమనిషికీ పక్షికీ మనకు క్రియ ఒకటే. "అక్క వచ్చింది", "పెట్ట వచ్చింది". మీరు మీ పెట్టను ఇంటి మనిషిగా చూస్తున్నారో, కోడిగా చూస్తున్నారో క్రియను బట్టి ఎవరూ పట్టుకోలేరు. బహువచనం రాగానే దొరికిపోతారు. "అక్కలు వచ్చారు", కానీ "పెట్టలు వచ్చాయి". గింజల డబ్బా చప్పుడు వినగానే నాలుగూ రెక్కలు విప్పుకొని పరుగెత్తుకొచ్చినప్పుడు మీ అబ్బాయి ఏమంటున్నాడో ఒకసారి గమనించండి. "వచ్చేశారు" అంటున్నాడనే నా అనుమానం. అంటే పెట్టల విషయంలోనూ గొడవ ఉంది, ఏకవచనం దాన్ని కప్పేస్తోంది, అంతే.

ఇక రాజా సంగతి. పిల్లల కథల్లో "కోతి చెట్టెక్కింది" అంటాం, "కోతిబావ చెట్టెక్కాడు" అనీ అంటాం. కోతి అదే, చెట్టూ అదే. బావ అనే మాట చేరగానే క్రియ మారిపోయింది. చంద్రుణ్ణి మామను చేసి "చందమామ వచ్చాడు" అనడమూ ఇలాంటిదే. మనుషులకు వాడే పేరో, వరసో తగిలిస్తే మహత్తు క్రియ దానంతటదే వస్తుంది. కాబట్టి "రాజా వచ్చాడు", "రాజా పురుగు దొరికినా తాను తినకుండా పెట్టలను పిలిచాడు" అంటే ఇంట్లో మాటగా నాకు అభ్యంతరం లేదు. (పుంజులు నిజంగానే అలా పిలుస్తాయి. మేత కనపడితే ముక్కుతో ఎత్తి, కింద పడేసి, కొక్కొక్కు మంటూ పెట్టలు వచ్చేదాకా ఊరిస్తాయి.) కానీ "పుంజు వచ్చాడు", "కోడి తిన్నాడు" అనకూడదు. జాతి పేరు వాడితే నపుంసకమే.

అయినా, ఇంత ఒప్పుకున్నాక కూడా, "రాజా కూశాడు" దగ్గర నేను ఆగిపోతాను. దానికి కారణం లింగం కాదు, క్రియ. కూయడం పుంజుకూ కోకిలకూ గౌరవమైన పని. కూసే గాడిద మేసే గాడిదను చెడగొట్టిందని సామెత ఉంది కనుక గాడిదకూ హక్కుంది. రైలు కూడా కూస్తుంది. మనిషికి వాడితే మాత్రం అది తిట్టు. "ఏం కూశావురా?", "నోటికొచ్చినట్టు కూశాడు", కారుకూతలు, పిచ్చికూతలు... అందుకే "కూశాడు" అనే రూపం చెవిన పడగానే ఎవడో ఎవరినో ఏదో అన్నాడని తోస్తుంది. పాపం, మీ రాజా చేసిందల్లా తెల్లవారకముందే గొంతెత్తడం. అది పుంజులకు మామూలే, వెలుగు కనపడేదాకా ఆగవు, వాటి ఒంట్లోనే గడియారం ఉంది. నా మాటగా మీ అబ్బాయికి చెప్పండి: రాజా రావచ్చు, తినవచ్చు, అలగవచ్చు, గోడెక్కవచ్చు. కూసినప్పుడు మాత్రం "కూసింది" అంటేనే వాడికి మర్యాద. నేనూ వాడు అనేశాను, చూశారా!

ఎదురుగా నిలబెట్టి మాట్లాడితే ఈ తలనొప్పి ఏదీ లేదు. "ఏరా రాజా, వచ్చావా?", "ఏమే, మట్టిలో పొర్లింది చాలు, ఇక లే" అనవచ్చు. రా, ఏ అన్న పిలుపుల్లో ఆడా మగా తేడా ఉంది కానీ, "వచ్చావు"లో లేదు.

సంఖ్య దగ్గర మాత్రం పట్టుగా ఉండాలి. "ఐదు కోళ్ళు" గూట్లోకి చేరతాయి. "ఐదుగురూ చేరారు" అని నవ్వుతూ అనుకోవచ్చు. "ఐదుగురు కోళ్ళు" మాత్రం ఎంత ముద్దు చేసినా కుదరదు.

గుడ్ల సంగతికి వస్తే, మీకు తప్పు చెప్పినవారు సరిగ్గానే చెప్పారు. పొదగడం పెట్ట చేసే పని. గుడ్లను రెక్కల కింద, పొట్ట కింద కప్పి వెచ్చగా ఉంచడం. బంగారంలో రాయి పొదగడం అన్నప్పుడూ ఇలా లోపల ఇముడ్చుకోవడమనే భావమే ఉంది. గుడ్డు దేన్నీ పొదగదు, పెట్ట దాన్ని పొదుగుతుంది. మనం పెట్ట కింద గుడ్లు పెట్టి పొదగేస్తాం. సుమారు 21 రోజులు అది పొదుగుతూనే ఉంటుంది, మేతకూ నీళ్ళకూ తప్ప లేవదు, చెయ్యి పెడితే పొడుస్తుంది. చివరికి లోపలి నుంచి పెంకు పగలగొట్టుకొని బయటికొచ్చేది పిల్ల, అది దాని సొంత కష్టం. ఈ రెండు పనులనూ ఒకే క్రియలో కుక్కడం వల్లనే "గుడ్లు పొదిగాయి" లాంటి వాక్యాలు పుడుతున్నాయి. "నిన్న ఏడు గుడ్లు పిల్లలయ్యాయి" అనండి. లేదా "పెట్ట ఏడు పిల్లలను చేసింది" అనండి. ఎనిమిదోది ఉండి, పిల్ల కాలేదనుకోండి, దాన్ని మురిగిపోయిన గుడ్డు అనాలి. "పొదగని గుడ్డు" అంటే పెట్ట అసలు దానిమీద కూర్చోలేదని అర్థమొస్తుంది, 21 రోజులు కూర్చున్న తల్లికి అది అన్యాయం.