డాక్టర్ వద్దు, కణాల మీద పరిశోధన చేస్తానంటోంది

ప్రశ్న: మాది పలాస. పాప ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం. మా నాన్నగారు ఉద్దానం కిడ్నీ జబ్బుతో డయాలసిస్ మీద ఉన్నారు. ఆయన్ని చూసి డాక్టరవుతుందనుకుంటే, కణాల మీద పరిశోధన చేస్తానంటోంది. అందులో బతుకుంటుందా?

జవాబు: ఉంటుందమ్మా. కాకపోతే ఆలస్యంగా కుదురుకుంటుంది.

ఒకే వడ్ల గింజలోంచి వేరూ, ఆకూ, వెన్నూ వస్తాయి కదా. మన ఒళ్లూ ఒక్క కణంతోనే మొదలై కండ, నరం, కిడ్నీ అవుతుంది. దాదాపు అన్ని కణాల్లోనూ జన్యువులు అవే. ఎక్కడ ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఊరుకోవాలో ఎలా తేలుతుంది? పాప వెతకాలనుకుంటున్నది అదే. 2006లో జపాన్‌కు చెందిన షిన్యా యమనాక ఎలుక కణాల్లోకి నాలుగు జన్యువులు పంపి, వాటిని ఏ కణంగానైనా మారగల తొలిదశకు తెచ్చారు. 2012లో నోబెల్ అందుకున్నారు. మనుషుల నుంచి తీసిన అలాంటి కణాలతో ఇప్పుడు కిడ్నీని పోలిన చిన్న ముద్దలు పెంచుతున్నారు. అవింకా కిడ్నీకి బదులు పెట్టగలిగేవి కావు. తాతయ్య కోసమే పాప ఈ దారి ఎంచుకుంటుంటే, ఈ మాట ముందే నెమ్మదిగా చెప్పండి.

ఇక రోజువారీ పని. 37 డిగ్రీల ఇన్‌క్యుబేటర్‌లో పెరిగే కణాలకు ఆదివారం లేదు, సంక్రాంతి లేదు. అవి పెరిగే పోషక ద్రవాన్ని (మీడియా) వేళకు మార్చాలి. బూజు పట్టిందా, వారాల పని పారబోయాలి. ఎలుక కండ కణాలు ఒకదానితో ఒకటి కలిసి పోగుల్లా మారడానికే దాదాపు వారం. తర్వాత పనిచేస్తున్న జన్యువుల నకలైన ఆర్ఎన్ఏ తీసి, దాన్ని కొలిచే పీసీఆర్ పరీక్ష పెట్టి, ఏ జన్యువు మేలుకుందో చూడాలి. ఫలితం వచ్చినా మళ్లీ మళ్లీ చేస్తేగాని నమ్మరు. నన్నడిగితే ర్యాంకు కన్నా ఇది చూడండి: ప్రాక్టికల్స్‌లో ఉల్లిపొర స్లైడు చెడితే పాప విసుక్కుంటుందా, ఇంకోటి చేస్తుందా?

నీట్ రాయనివ్వండి. దాంతోపాటు సైన్స్ చదువు, పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన ఐసర్ సంస్థల ప్రవేశ పరీక్ష ఐఏటీ కూడా. అందులో 60 ప్రశ్నలకు 15 గణితంవే, బైపీసీ పిల్లలకు కష్టం అక్కడే. ఇప్పటినుంచే లెక్కలు పట్టాలి. తిరుపతిలోనే ఐసర్ ఉంది. సీటు రాకపోతే బీఎస్సీ, ఎమ్మెస్సీ చేసి, పరిశోధన అర్హత పరీక్ష సీఎస్ఐఆర్ నెట్ రాసి, కణాల మీద పరిశోధన చేసే హైదరాబాద్ సీసీఎంబీ లాంటి చోట పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. ఆ పరీక్షతో పరిశోధక భృతి (జేఆర్ఎఫ్) వస్తే నెలకు 37,000 రూపాయలు, అద్దె భత్యం వేరు.

పీహెచ్‌డీకి అయిదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్, అంటే పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. స్థిరమైన ఉద్యోగం ముప్పై దాటాకే అనుకోండి. పెళ్లి మాట ఆ మధ్యలోనే వస్తుంది. ఆ లెక్క పాపతో ఇప్పుడే మాట్లాడండి. మీ నాన్నగారినీ కూర్చోబెట్టుకోండి.