నాలుగో పేజీ కొట్టేయి

అమ్మాయికి ఆశీస్సులు.

ఆ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద నువ్వు రాసిన కథ మంగళవారం చదివాను. నాలుగో పేజీకి వచ్చేసరికి కళ్లజోడు తీసి పక్కన పెట్టి, వీధి చివరికెళ్లి టీ తాగి వచ్చాను. అంత కోపం వచ్చింది. రెండు రోజులు ఆగి రాద్దామనుకున్నా గానీ, ఆగేకొద్దీ ఎక్కువవుతోంది.

బాగున్నది ముందు చెప్పేస్తా. మ్యాచ్‌కి ముందు బర్ల్ టోలర్ బూటు లేసు ముడేస్తాడు, విప్పుతాడు, మళ్లీ ముడేస్తాడు. ఆ వాక్యం నీది. అంతే.

అసలు నీ చేతిలో పడ్డ సరుకేమిటో చూసుకున్నావా? 1951లో యూనివర్సిటీ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు తొమ్మిది ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, అదే బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికావాళ్ల ఆట, ఆడి తొమ్మిదీ గెలిచింది. సీజన్ చివర పేరున్న జట్లని బౌల్ మ్యాచ్‌లకి పిలుస్తారు కదా, కాలేజీకి అక్కడ నాలుగు డబ్బులు కూడా వస్తాయి. వీళ్లకి పిలుపు రాలేదు. జట్టులో ఇద్దరు నల్లవాళ్లు, ఆలీ మాట్సన్, టోలర్. ఆ ఇద్దర్నీ ఇంటి దగ్గర వదిలేసి వస్తే అమెరికా దక్షిణాదిలో ఆడనిస్తామన్నారని, మేం ఒప్పుకోలేదని ఆటగాళ్లు తర్వాత చెప్పుకున్నారు. అప్పటికే ఖర్చులు భరించలేకపోతున్న కాలేజీ ఆ సీజన్‌తో ఫుట్‌బాల్‌నే ఎత్తేసింది.

ఇంత ఉంటే నువ్వేం చేశావు? జట్టులో తెల్లవాడు జీనో మార్కెట్టిని బెంచీ ఎక్కించి పేజీన్నర మాట్లాడించావు. సమానత్వమట, మానవత్వమట, చరిత్ర మనల్ని చూస్తోందట. ఆ మనిషి పద్దెనిమిదేళ్లకే సైన్యంలో చేరి, రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియం మంచులో బల్జ్ యుద్ధం చేసి వచ్చినవాడు. అలాంటివాడు బెంచీ ఎక్కి ఉపన్యాసం ఇస్తాడా? ‘పోనీలే, వద్దు’ అని చెమట తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతాడు. నాకు తెలిసిన మొండి మనుషులంతా అలాంటివాళ్లే. ఆ ‘వద్దు’ అనడానికి అర నిమిషం పడుతుంది, నువ్వు పేజీన్నర తీసుకున్నావు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకోటుంది. ఆ పేజీన్నరలో తెల్లవాళ్లందరికీ మాటలిచ్చావు. మాట్సన్‌కీ టోలర్‌కీ మాత్రం మూల నిలబెట్టి కన్నీళ్లిచ్చావు. కథ ఎవరిదమ్మా? ఆ ఏడాది దేశం మొత్తంలో బంతి పట్టుకుని అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తినవాడు మాట్సన్. న్యూయార్క్‌లో ఫోర్డమ్ కాలేజీ మీద రెండుసార్లు, అవతలివాళ్లు తన్నిన కిక్‌ఆఫ్ బంతి పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయాడు, అదే టచ్‌డౌన్. ఆ మ్యాచ్ స్కోరు 32–26. అంటే తేడా ఆరు, ఒక్క టచ్‌డౌన్‌కి వచ్చేన్ని పాయింట్లు. ఆ రెండు పరుగుల్లో ఒక్కటి లేకపోయినా తొమ్మిదికి తొమ్మిది అని నువ్వివాళ రాసుండేదానివి కాదు. ఇది నీ కథలో ఒక్క లైను! ఏడుపు మాత్రం పేజీ.

నాకీ పిచ్చి ఎక్కడ పట్టిందో చెబుతాను. ఇరవై రెండేళ్ల వయసులో ఒక దినపత్రికకి మా తాలూకా విలేఖరిని. లైన్ అకౌంట్, అంటే అచ్చయిన మేరకే డబ్బులు. సంక్రాంతికి పక్కూళ్లో వాలీబాల్ పోటీలు జరిగితే సైకిలు తొక్కుకుంటూ వెళ్లి, ఐదు పేజీల వార్త రాసి బస్సు కవర్లో పంపాను. ‘హోరాహోరీ’ మూడుసార్లు, ‘వీరోచితంగా’ నాలుగుసార్లు. మర్నాడు డెస్క్ నుంచి ఫోను, ఎరువుల కొట్టు నంబరుకి. ‘ఏమయ్యా, స్కోరెంత?’ నేను రాసుకోలేదు! కొట్టువాడి ముందు, వెనక యూరియా బస్తాల కోసం నిలబడ్డ పది మంది ముందు, ఆ రిసీవరు పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాను. అచ్చయింది నాలుగు లైన్లు. అప్పట్నుంచీ ఎవరు ఏది రాసిచ్చినా ముందు స్కోరే వెతుకుతాను. పెళ్లి కథలో కూడా.

అందరూ ఆ డెస్క్ ఇన్‌చార్జిలా ఉంటే బావుండేది. తర్వాత ఒక వారపత్రిక సంపాదకుడు తగిలాడు. తిరుగు స్టాంపులు పెట్టి పంపిన కథని వేసుకున్నాడు సరే, చివర తనే ఒక వాక్యం కలిపాడు. ‘ఆమె కళ్లు చెమర్చాయి’ అని. నా కథలో ఆమె పప్పు రుబ్బుతూ ఉంటుంది, అంతే. నలభై ఏళ్లయింది, ఆ సంచిక ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఇప్పుడా పని చెయ్యడానికి సంపాదకులు అక్కర్లేదు, మీరే చేసుకుంటున్నారు. ప్రతి పేరా చివరా మూడు చుక్కలు. పాఠకుడు ఆ చుక్కల్లో పడి ఏడవాలన్నమాట.

టచ్‌డౌన్‌ని ‘భూస్పర్శ’ అన్నావు. వద్దు. కాలు జారి పడ్డట్టుంది.

మా అబ్బాయి దగ్గరికొచ్చినప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో కేజార్ స్టేడియానికి వెళ్లాను, గోల్డెన్ గేట్ పార్కు మూలన. ఈ జట్టు ఆడింది అక్కడే. ఆ పాత స్టేడియం పడగొట్టేసి చిన్నది కట్టారు. ట్రాక్ మీద ఎవరో ముసలావిడ కుక్కతో నడుస్తోంది. నేనూ రెండు రౌండ్లు నడిచాను, మోకాళ్లు పట్టేశాయి. నువ్వు ఆ ఊరికి గంట దూరంలో ఉండి ఒక్కసారైనా వెళ్లావా? నీ కథలో గాలే లేదు.

ఉన్నచోట నిలబడి రాయి. సీజన్‌కి ముందు కోచ్ జో కుహారిచ్ వీళ్లని కాలిఫోర్నియాలోనే కార్నింగ్ తీసుకెళ్లి ఎండలో తోమాడు. ఆలివ్ తోటల ఊరు, వేసవిలో మన రెంటచింతలకి తీసిపోదు. నల్లా తెల్లా అందరూ ఒకే ఎండలో మాడారు. ఆ ‘వద్దు’ ఎక్కడ తయారైందని నన్నడిగితే అక్కడ చూపిస్తాను, డ్రెస్సింగ్ రూములో కాదు. ఇక ఆఖరి మ్యాచ్, లయోలా మీద 20–2, జరిగిందెక్కడ? పాసడీనాలో, రోజ్ బౌల్ స్టేడియంలోనే. బౌల్‌కి పిలవని జట్టు బౌల్ గడ్డి మీదే చివరి మ్యాచ్ ఆడింది. దీన్ని ఊరికే చెప్పి వదిలెయ్. నువ్వేమో ‘విధి వైపరీత్యం’ అని పక్కన బోర్డు పెట్టావు.

ముగింపు కూడా తొందరపడ్డావు. మాట్సన్ మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో రెండు పతకాలు తెచ్చాడు, పేరు తెచ్చుకున్నాడు, ఆయన సంగతి అందరికీ తెలుసు. నాకు టోలర్ కావాలి. 1952లో ఒక ఎగ్జిబిషన్ మ్యాచ్‌లో మోకాలు పోయింది, ఆట అయిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో బడిపంతులయ్యాడు, ప్రిన్సిపాల్ అయ్యాడు. 1965లో ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగులో మొదటి నల్లజాతి మ్యాచ్ అధికారిగా మైదానంలోకి మళ్లీ వచ్చాడు. ఆదివారం చారల చొక్కా, సోమవారం పొద్దున్న బడి గంట. ఎవరు ఏ గీత దాటారో ఇప్పుడు ఆయన చెప్పాలి. అక్కడ ఆ మోకాలుంది, ఆ లేసు ముడి ఉంది. నువ్వే నాటిన లేసు, కోసుకోకుండా వదిలేశావు.

నీ ప్రశ్నల్లో ఒకటి, అమెరికావాళ్ల మీద కథ మనవాళ్లు చదువుతారా అని. స్కోరు తెలిస్తే చదువుతారు. మిగతా రెండూ ఇప్పుడెందుకు. ఇంకోటి, నన్ను గురువుగారూ అనకు, బాబాయ్ అను చాలు.

నాలుగో పేజీ తీసేసి పంపు, మళ్లీ చదువుతా. మాట్సన్ ఆ సీజన్ పరుగు ఐదో పేజీలో 1,556 గజాలని పడింది. 1,566.

ఉంటాను.
బాబాయ్