విని నేర్చినవారు విద్వాంసులు కారా?

సందేహం: మా కాలనీ శ్రీరామనవమి కరపత్రంలో ఇద్దరి పేర్లు వేస్తున్నాం. ఒకావిడ సంగీత కళాశాలలో చదివి వయొలిన్ వాయిస్తారు. ఇంకొకాయన రేడియో వింటూ హార్మోనియం పట్టినవారు. నొటేషన్ చదవలేరు గానీ, ఏ పాటైనా ఒకసారి వింటే చాలు, శ్రుతి అందుకుని వాయించేస్తారు. ప్రెస్సు నుంచి వచ్చిన ప్రూఫులో ఆమెకు ‘విద్వాంసులు’ అనీ, ఆయనకు ‘అశాస్త్రీయ కళాకారులు’ అనీ వేశారు. ఇది సరైనదేనా సార్? విని నేర్చినవారికి తెలుగులో మాట లేదా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: ముందు ఆ ‘అశాస్త్రీయ’ను కొట్టేయించండి. శాస్త్రీయ సంగీతం అన్నప్పుడు ‘శాస్త్రీయ’ ఒక సంప్రదాయాన్ని చెబుతుంది. దానికి ‘అ’ తగిలిందంటే చదివేవాడికి ఆధారం లేనిది, తప్పుడుది అనే తోస్తుంది. చేతబడి నమ్మకాలను తిట్టడానికి వాడే మాట అది. పండుగపూట పెద్దమనిషి పేరు పక్కన పెడతామా!

విద్వాంసుడు అనే మాటకు మూలం ‘విద్’ ధాతువు. తెలియడం దాని అర్థం. ఎక్కడ తెలిసింది, ఎవరు చెప్పారు అని అది అడగదు. కాబట్టి ఆయన్ను ‘హార్మోనియం విద్వాంసులు’ అనడానికి భాష అడ్డురాదు. ‘విద్వాన్’ అని మాత్రం వేయకండి. ఒకప్పుడు అది భాషాపండితుల పరీక్షకు పేరు, పట్టా కూడా. పాతకాలం వాళ్లు చూస్తే ఈయన ఏ సంవత్సరం ప్యాసయ్యారని అడుగుతారు.

మాట లేదా అన్నారు. నామవాచకాల్లో వెతికితే దొరకడం కష్టమే, క్రియల్లో చూడండి. ‘ఆయనకు హార్మోనియం వచ్చు’ అంటాం. ఎలా వచ్చిందో ఆ వాక్యానికి పట్టదు. ‘నేర్చుకున్నాడు’ అంటే ప్రయత్నం కనిపిస్తుంది. ‘అబ్బింది’ అంటే ప్రయత్నం వెనక్కి పోయి, స్వభావం ముందుకొస్తుంది. ‘పట్టుబడింది’ అంటే ముందు లొంగనిది సాధనతో చేతికి చిక్కిందని. మన దగ్గర ‘పట్టువడ్డది’ అంటారు. మీ హార్మోనియం ఆయనకు సరిగ్గా అతికేది నా దృష్టిలో ఇదే. పాత తెలుగులో నేర్చు అంటే చేయగలగడం కూడా. ‘చేయనేరడు’ అంటే చేతకాదని. నేర్పరి అన్నా నేర్పు ఉన్నవాడనే తప్ప, ఎవరో నేర్పినవాడని కాదు.

సంస్కృతం వైపు చూస్తే ‘బహుశ్రుతుడు’ ఉంది. విడదీస్తే చాలా విన్నవాడు, వాడుకలో గొప్ప పండితుడు. చెవికి ఇంతకంటే ఏం గౌరవం కావాలి?

‘సహజ’ అన్న విశేషణం మీద మన ప్రాంతంవారికి మమకారం ఎక్కువ. బమ్మెర పోతన తన భాగవతం గద్యల్లో ‘సహజపాండిత్య పోతనామాత్య’ అని చెప్పుకున్నాడు మరి. అయినా మీ కరపత్రానికి ‘సహజ కళాకారులు’ వద్దంటాను. పుట్టుకతో వచ్చిందనేసరికి, రేడియో ముందు చెవి ఒగ్గి కూర్చున్న ఏళ్లన్నీ లెక్కలోంచి పోతాయి. ‘ఏకలవ్య శిష్యులు’ అనాలంటే మనసులో పెట్టుకున్న ద్రోణుడొకరు ఉండాలి. ఫలానా విద్వాంసుణ్ణే వింటూ, ఆయననే అనుసరిస్తూ నేర్చుకుని ఉంటే వాడండి.

కళాశాల మెట్లెక్కని వాళ్లందరినీ ‘స్వయంగా నేర్చినవారు’ అనే గంపలో వేయడం కూడా పొరపాటే. ఐనవోలు మల్లన్న జాతరలో ఒగ్గు డోలు కొట్టేవాళ్లకు చాలావరకు తండ్రో మేనమామో గురువు. తప్పు దరువు పడితే అక్కడికక్కడే దిద్దుతారు. పుస్తకం లేకపోవచ్చు, శిక్షణ లేకపోలేదు. వీళ్లకు ‘సంప్రదాయ కళాకారులు’ సరిపోతుంది. ‘దేశి’ అంటే, అంటే ప్రాంతాల వారీగా జనంలో పెరిగిన కళాపద్ధతి అంటే, నియమం లేనిదనే అపోహ కూడా కొందరికి ఉంది. కాకతీయ గణపతిదేవుడి గజసేనాని జాయప 13వ శతాబ్దంలో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్ర గ్రంథం రాస్తూ, ఎనిమిది అధ్యాయాల్లో నాలుగు మార్గానికి (పాత శాస్త్రగ్రంథాలు చెప్పిన పద్ధతికి), నాలుగు దేశికి ఇచ్చాడు. లక్షణాలు లేనిదానికి నాలుగు అధ్యాయాలు దేనికి?

కరపత్రంలో ఇద్దరికీ ఒకే వరసలో ‘వయొలిన్’, ‘హార్మోనియం’ అని వేసి, ఎదురుగా పేర్లు రాస్తే చాలు. బిరుదు ఉండాల్సిందే అని కమిటీ పట్టుబడితే ఆయనకు ‘విద్వాంసులు’ వేయండి. ఆమెకు ‘విదుషి’ గానీ ‘విద్వాంసురాలు’ గానీ వేయొచ్చు. ‘విదూషి’ అని దీర్ఘం పడకుండా ప్రూఫు ఇంకోసారి చూసుకోండి.