క్రిమినల్ జస్టిస్ సీటొచ్చింది... ఇంటర్న్‌షిప్ ఎక్కడ దొరుకుతది?

సందేహం: మాది హన్మకొండ. ఎల్‌ఎల్‌బీ అయింది. అమెరికాలో ఎంఎస్ క్రిమినల్ జస్టిస్‌కు ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం, వీసాకు ఇదే ఆధారం) వచ్చింది. పోలీసు శాఖలో, ఎఫ్‌బీఐలో ఇంటర్న్‌షిప్‌లు ఉంటాయని బ్రోచర్‌లో రాశారు. మాలాంటోళ్లకు నిజంగా ఇస్తరా?

సమాధానం: ఎఫ్‌బీఐ సంగతి మరిచిపోండి. అక్కడ ఇంటర్న్‌షిప్‌కు కూడా అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే. పోలీసు ఉద్యోగం విషయంలో కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి, ఇల్లినాయ్ 2024 జనవరి నుంచి పౌరసత్వ నిబంధన సడలించాయి. అయినా ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లకు దాంతో ఒరిగేదేమీ లేదు. ఇలాంటి వీసాల వాళ్లు తుపాకీ పట్టుకోకూడదని ఫెడరల్ చట్టం చెబుతుంది, మినహాయింపులు బహు తక్కువ. బ్రోచర్ రాసినవాళ్లు అక్కడి పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తారు. మీకు తెరిచి ఉన్న తలుపులు వేరే ఉన్నాయి, వాటి కోసం మొదటి సెమిస్టర్ నుంచే తిరగాలి.

విమానం ఎక్కక ముందే ఐ-20 మొదటి పేజీలో కోర్సు పేరు పక్కన ఉండే సీఐపీ కోడ్ (ఏ కోర్సు ఏ విభాగం కిందికి వస్తుందో చెప్పే అంకె) చూడండి. క్రిమినల్ జస్టిస్ 43.0103, 43.0104, క్రిమినాలజీ 45.0401: ఈ మూడూ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం కోర్సుల) జాబితాలో లేవు. అంటే చదువయ్యాక ఓపీటీ (డిగ్రీ తర్వాత అక్కడ పని చేసుకునే అనుమతి) 12 నెలలే. ఫోరెన్సిక్ సైన్స్, సైబర్ ఫోరెన్సిక్స్ కోడ్‌లకైతే మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. పేరులో ‘అనలిటిక్స్’ ఉన్నంత మాత్రాన స్టెమ్ అయిపోదు, లెక్కలోకి వచ్చేది కోడే. అదే డిపార్టుమెంటులో స్టెమ్ కోడ్ ఉన్న దారి ఇంకేదైనా ఉందా అని ఇంటర్నేషనల్ ఆఫీసుకు ఇప్పుడే మెయిల్ పెట్టండి.

రెండోది పేరు. మన దగ్గర చాలామంది పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు వీసాలో పేరంతా సర్‌నేమ్ కిందికి పోయి, అసలు పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. మామూలు కోర్సుల్లో ఇది చిరాకుతో పోతుంది. ఈ రంగంలో మాత్రం ప్రతి చోటా బ్యాక్‌గ్రౌండ్ చెక్, వేలిముద్రలు ఉంటాయి. సర్టిఫికెట్ మీద ఒక పేరు, వీసా మీద ఇంకో పేరు ఉంటే ఫైలు అక్కడే పడి ఉంటుంది. వీసా ఇంటర్వ్యూ కాకముందే ఇంటిపేరు విడగొట్టి పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోండి. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ మాత్రం తొందరపడి తీసుకోవద్దు. అది పాతబడితే ఎవరూ ఒప్పుకోరు, అవసరమైతే అక్కడి నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు.

ఇక ఇంటర్న్‌షిప్. క్యాంపస్ బయట పని చేయాలంటే సీపీటీ (చదువు మధ్యలో కోర్సులో భాగంగా పని చేసే) అనుమతి కావాలి. మామూలుగా ఒక అకడమిక్ సంవత్సరం పూర్తయ్యాకే ఇస్తారు, పైగా ఆ పని కోర్సులో భాగమై ఉండాలి. ఆఫర్ లెటర్‌లో సంస్థ చిరునామా, వారానికి ఎన్ని గంటలు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ స్పష్టంగా ఉండాలి. అనుమతి ఇచ్చాక కొత్త ఐ-20 వస్తుంది, రెండో పేజీలో ఆ వివరాలు కనిపిస్తాయి. అందులోని తేదీకి ఒక్క రోజు ముందు కూడా పనిలో కూర్చోవద్దు. ‘జీతం లేదు కదా, అనుమతి ఎందుకు’ అని తోటివాళ్లు చెబుతారు. వినకండి, జీతం లేకున్నా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసును అడగండి. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ డిగ్రీకి ఓపీటీ పోయినట్టే.

మూడు క్రెడిట్ల ఇంటర్న్‌షిప్‌కు చాలాచోట్ల 120 నుంచి 150 గంటలు అడుగుతారు. వారానికి పది గంటలు వేసుకుంటే పన్నెండు నుంచి పదిహేను వారాలు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కే వారాలు గడిచిపోతాయి కాబట్టి వేసవిలో చేయాలనుకున్నది చలికాలంలోనే అడగాలి. పేద నిందితులకు ప్రభుత్వ లాయర్లను ఇచ్చే పబ్లిక్ డిఫెండర్ ఆఫీసులు, బాధితులకు అండగా నిలిచే స్వచ్ఛంద సంస్థలు, జైలు నుంచి విడుదలైనవాళ్లకు ఉపాధి చూపే సంస్థలు: మీ ఎల్‌ఎల్‌బీకి విలువిచ్చేది వీళ్లే. జీతం కావాలంటే బ్యాంకుల్లో మనీ లాండరింగ్ నిరోధక విభాగాలు, ఇన్సూరెన్సు మోసాలు పట్టే విభాగాలు చూడండి.

ఏ అనుమతీ అక్కర్లేకుండా, ఖర్చు లేకుండా నేర్చుకునే చోటు కోర్టు. జనరల్‌గా ఎవరైనా పోయి కూర్చోవచ్చు. సినిమాల్లో చూసే ట్రయల్ కోసం కాచుకుంటే రోజంతా వృథా. అక్కడి శిక్షల్లో తొంభై శాతానికి పైగా నేరం ఒప్పుకుని రాజీపడినవే. అందుకే పొద్దున్నే అరెయిన్‌మెంట్ జరిగే గదికి పోండి. నిందితుడిని నిలబెట్టి ఆరోపణ చదవడం, బెయిల్ తేల్చడం ఒక్కో కేసుకు నిమిషాల్లో అయిపోతుంది. ఆరోపణ ఏమిటి, లాయరు సొంతమా ప్రభుత్వం ఇచ్చిందా, బెయిల్ ఎంత, ఎన్ని నిమిషాలు పట్టింది అని నోట్‌బుక్‌లో నాలుగు గడులు గీసి రాసుకోండి. అలా నాలుగు వారాలు చేస్తే టర్మ్ పేపర్‌కు సరుకు దొరుకుతుంది. హన్మకొండ కోర్టులో వాయిదాలు చూసిన కళ్లకు ఆ వేగం వింతగా ఉంటుంది. మన దగ్గర ఇలా నేరం ఒప్పుకుని రాజీపడే ప్లీ బార్గెయినింగ్ 2006లోనే అమల్లోకి వచ్చినా వాడేవాళ్లు అరుదు. ఈ తేడా మీద రాసిన పేపర్‌ను ప్రొఫెసర్లు ఆసక్తిగా చదువుతారు. ఐపీసీ చదివినవాళ్లు దాని స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు కూడా చూసుకుని వెళ్లండి, క్లాసులో అడుగుతారు.

ప్రొఫెసర్ దగ్గర రీసెర్చ్ పని క్యాంపస్‌లోపలిది కాబట్టి సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటల దాకా సీపీటీ లేకుండానే చేసుకోవచ్చు. ‘ఏ పని ఉన్నా చేస్తా’ అని మెయిల్ పెడితే జవాబు రాదు. ఆయన పేపర్ ఒకటి చదివి, ఏ డేటాతో ఏం చేయగలరో రెండు వాక్యాల్లో రాయండి. డేటా విశ్లేషణకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మ్యాపులు గీసే ఆర్క్‌జీఐఎస్‌కు యూనివర్సిటీ లైసెన్సు ఉందేమో కనుక్కోండి.

నేరాల డేటాలో కొత్తవాళ్లు పడే గుంటలు రెండు. ఎఫ్‌బీఐ 2021 జనవరి 1 నుంచి నేరాల లెక్కల పాత పద్ధతి ఆపి, ఒక్కో ఘటన వివరాలు విడిగా నమోదు చేసే ఎన్‌ఐబీఆర్‌ఎస్‌కు మారింది. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి పెద్ద నగరాల పోలీసులే ఆ ఏడాది లెక్కలు అందులోకి పంపలేదు. 2020నీ 2021నీ పక్కపక్కన పెట్టి ‘నేరాలు తగ్గాయి’ అని రాస్తే తప్పే. ఇక నగరాల ఓపెన్ డేటాలో చిరునామా తెలియని కేసులను ఒక్కోసారి పోలీస్ స్టేషన్ చిరునామా మీదే వేస్తారు. మ్యాప్ గీస్తే స్టేషనే నేరాల అడ్డాలా కనిపిస్తుంది! అలాంటి చుక్కలు ముందు ఏరేయాలి.

సర్వేలు, ఇంటర్వ్యూలు చేయాలని ఉబలాటపడొద్దు. మనుషుల మీద పరిశోధనకు ఐఆర్‌బీ (యూనివర్సిటీలో పరిశోధన నైతికత చూసే కమిటీ) అనుమతి రాకముందు ఒక్క ప్రశ్న అడిగినా ఆ డేటా పనికిరాదు. ఖైదీలకైతే నిబంధనలు ఇంకా కఠినం, నెలలు పట్టొచ్చు. రెండేళ్ల ఎంఎస్‌కు ఉన్న డేటాతో పనే మేలు. జైలు లోపల చదువు చూడాలనుకుంటే, టెంపుల్ యూనివర్సిటీలో 1997లో మొదలైన ఇన్‌సైడ్-అవుట్ కోర్సు మీ యూనివర్సిటీలో ఉందేమో అడగండి. విద్యార్థులు, ఖైదీలు ఒకే క్లాసులో కూర్చుంటారు. దుస్తుల నిబంధనలు ముందే చదువుకోండి, ఫోను కారులోనే వదిలేయాలి.

పోలీసు కారులో రైడ్-అలాంగ్ (డ్యూటీలో ఉన్న పోలీసుల వెంట తిరగడం) కూడా కొన్ని నగరాలు ఇస్తాయి, అది ఉద్యోగం కాదు, పరిశీలన మాత్రమే. బాధ్యత మాది కాదనే కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. ఫొటోలు తీయొద్దు, ఇన్‌స్టాగ్రామ్‌లో అసలే పెట్టొద్దు. గుర్తింపు కోసం కొన్ని శాఖలు అక్కడి డ్రైవింగ్ లైసెన్సే అడుగుతాయి, పాస్‌పోర్టు చెల్లుతుందో లేదో ఫారం నింపే ముందే ఫోన్ చేసి కనుక్కోండి.