మంచు కొండల్ల రోడ్డు పనికి పోతే మంచు చరియల భయం ఉంటదా?

మక్తల్ నుంచి మీ తమ్ముడు మేస్త్రీ వెంట ఉత్తరాఖండ్ రోడ్డు పనికి పోతున్నడు, కంటైనర్లల్ల (ఇనుప డబ్బా గదులల్ల) పడుకుంటరట, మంచు చరియల భయం ఉంటదా అని అడిగిన్రు. ఉంటది. ఆ పనిల కొన్ని చలికాలాలు ఉన్నోడిగా చెప్తున్న. కొండ ఎక్కెటోళ్లకే ప్రమాదం అనుకుంటరు గానీ, 2025 ఫిబ్రవరి 28న బద్రీనాథ్ దగ్గరి మాణాలో చరియ పడ్డది కూలీల కంటైనర్ల మీదనే. 54 మంది చిక్కుకుంటే 8 మంది చనిపోయిన్రు.

అందుకే ముందు పడుకునే చోటుకు పైన ఏమున్నదో చూడాలె. మంచు పలకగా తెగేది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలుల. అంతకన్నా నిటారుగా ఉంటే ఎప్పటికప్పుడు రాలిపోతది, పేరుకోదు. తెగేది పైన, వచ్చి ఆగేది చదునుల. కంటైనర్ తలుపు కాడ నిలబడి ఫోన్‌ల కోణం కొలిచే లెవెల్ యాప్‌తో ఆ వాలు పై కొసను గురిచూడాలె. 25 డిగ్రీలు దాటితే చరియ అక్కడిదాకా రాగలదు. బాగా పెద్దవి 20 లోపు కోణానికి గూడ చేరతయి. నడుమ చెట్లు లేని నిలువు చార, కిందికి విరిగిన మొద్దులు కనబడితే అది చరియ దారి. వాగు అవతల ఉన్నమని ధీమా వద్దు, పొడి మంచు వాగు దాటి ఎదురు గట్టు ఎక్కుతది.

నవంబర్, డిసెంబర్ల పడ్డ పలుచని మంచును ఎవరూ పట్టించుకోరు. అసలు కిరికిరి దాంతోనే. నేల దగ్గర సున్నా డిగ్రీలు, పైన కొరికే చలి. ఆ తేడాకు అడుగు పొర చక్కెర పలుకుల లెక్క విడిపోతది. తర్వాతి మంచంతా దాని మీదనే కూర్చుంటది. ఒక్క రోజుల 30 సెంటీమీటర్లు పడ్డా, గాలి అవతలి పక్క మంచును ఎత్తి ఇవతల పోసినా ఆ పొర మోయలేదు. నడుస్తుంటే కాళ్ల కింద ‘వుమ్’మని కుంగినా, బూటు కాడి నుంచి పగులు పాకినా, వచ్చిన అడుగుల్లనే వెనక్కి రావాలె.

రోడ్డు మీద మంచు తీసేటప్పుడు ఒక చరియ దారిల ఒక్క జేసీబీనే ఉండాలె, పైకి చూస్తూ ఒక మనిషి నిలబడాలె. కూరుకుపోయినోళ్లు బతికే అవకాశం మొదటి 15 నిమిషాలల్లనే ఎక్కువ, కాబట్టి పక్కనోళ్లే తీయాలె. ఒంటి మీద బీకన్ (మంచు కింద ఎక్కడున్నరో సిగ్నల్‌తో చెప్పే చిన్న యంత్రం), గుచ్చి వెతికే పొడవాటి మడత కర్ర, ఇనుప పార కావాలె; ఆగిన మంచు గట్టిపడతది, చేతులతో తవ్వలేరు. ఒక పార కంటైనర్ లోపల గూడ ఉండాలె, తలుపు పూడితే బయటి పార అక్కరకు రాదు.

రక్షణ శాఖ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ ఇచ్చే చరియల హెచ్చరికల ఐదు మెట్లుంటయి, అంకె పెరిగితే ప్రమాదం ఎక్కువ. మూడును మధ్యస్థమని తేలిగ్గ తీసుకోవద్దు. నాలుగు వస్తే చరియ దారిలున్న క్యాంపు ఖాళీ కావాలె. అడ్వాన్స్ పట్టకముందే మేస్త్రీని అడగుండ్రి: హెచ్చరికతో పని ఆగిన రోజు కూలి కడతరా, కట్టరా? కట్టనంటే ఆ రోజు గూడ అందరూ పనికే పోతరు.