గోలీ ఎందుకు ఆగిందో రాయమ్మా

అమ్మా,

నీ గోలీ సోడా వ్యాసం అందింది. వాక్యం బాగా నడుస్తోంది. కానీ "మన తాతలు కనిపెట్టిన అచ్చ తెలుగు సీసా" అన్నచోట నాకు ఒళ్లు మండింది. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

ఆ సీసా మనది కాదు. హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషాయన 1872లో పేటెంట్ తీసుకున్నాడు. సరే, అది దిద్దుకోవచ్చు. నన్ను ఎక్కువగా బాధించింది వేరే ఉంది. "ఆ రోజులే వేరు" అని పేజీ పేజీకీ నిట్టూర్చావు గానీ, గోలీ మూతి దగ్గర ఎందుకు ఆగుతుందో ఒక్క ముక్క రాయలేదు.

సీసా మూతి లోపల రబ్బరు వాషరు ఉంటుంది. సోడా పట్టేటప్పుడు సీసాను తలకిందులు చేస్తారు. గోలీ మూతివైపు జారుతుంది, లోపలి గ్యాసు దాన్ని వాషరుకేసి అదిమేస్తుంది. ఇక వేరే బిరడా ఎందుకు? గ్యాసే గడియ. బొటనవేలితో నొక్కితే కీచుమని గోలీ దిగుతుంది. మెడ దగ్గర రెండు నొక్కులు చూశావా? వంచినప్పుడు గోలీ మళ్లీ మూతికి అడ్డం పడకుండా అక్కడ ఆగుతుంది. సోడా తాగడం తెలిసినవాడు నొక్కులున్న వైపు కిందికి పెట్టి ఎత్తుతాడు. ఇంత తెలివి ఉన్న వస్తువును పట్టుకుని "తీపి గుర్తు" అని వదిలేస్తే ఎలా?

కుర్రతనంలో కుట్టుమిషన్ మీద వ్యాసం రాయాలని మా వీధి దర్జీ పక్కన చేరాను. ఆయన చక్రం చేత్తో మెల్లిగా తిప్పి చూపించాడు: సూది పైకి లేస్తుంటే దారం వదులై ఉచ్చు పడుతుంది, కింది కొక్కెం దాన్ని పట్టి, కింది దారం చుట్టిన కండె, అంటే బాబిన్, చుట్టూ తిప్పేస్తుంది. నా వ్యాసానికి ప్రాణం అదే. ఒక వారపత్రిక సంపాదకుడు ఆ పేరాలన్నీ కోసేసి, పేరూ సంవత్సరమూ ఉంచి, "మీకు తెలుసా?" అని బాక్సు కట్టి వేశాడు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. ఆ బాక్సులే ఇవాళ రీల్సై ఊరేగుతున్నాయి. నువ్వు వాటికి సరుకు అందించకు.

గోలీ సీసా ఎందుకు వెనకబడిందో కూడా రాయాలి. 1892లో అమెరికాలో విలియం పెయింటర్ రేకు మూతకు పేటెంట్ పొందాడు. చవక, ఒకసారి వాడి పారేయొచ్చు. పైగా గోలీల కోసం పిల్లలు సీసాలు పగలగొట్టేవాళ్లు. జపానులో మాత్రం రామునే అనే పానీయం ఇప్పటికీ గోలీ సీసాలోనే వస్తుంది.

నీ వ్యాసంలో ఒక్క వాక్యం నన్ను ఆపేసింది. సోడా పట్టే ఆయన చేతికి గోనెగుడ్డ చుట్టుకున్నాడన్నావు. ఎందుకు చుట్టుకున్నాడు? గ్యాసు ఎక్కువైతే సీసా పేలొచ్చు కనుక. ఆ చేతిని చూసినదానివి, వెంటనే మీ తాతగారి జ్ఞాపకాల్లోకి పరిగెత్తావేం?

ఆ సోడా ఆయన ఇంకా బండి పెడుతున్నాడన్నావు కదా. బేరాలు మొదలుకాకముందే వెళ్లు. వాషర్లు ఎక్కడ దొరుకుతున్నాయో, పగిలిన సీసాకి బదులు ఎక్కడ తెస్తాడో, చేతి మీద మచ్చలేమిటో అడుగు. తిరగరాసి పంపు. నువ్వడిగిన కలం పేరు సంగతి తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు